మొదటి ఫిల్మే ఆఖరి ఫిల్మ్ కావాలి

అమ్మలూ,

రేడియోగ్రాఫర్‌గా ఆర్డరు చేతికొచ్చిందనీ, వచ్చే వారం జిల్లా ఆసుపత్రిలో చేరుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం, తల్లీ. ఆ వెంటనే గొంతు తగ్గించి, "అన్నయ్యా, పెళ్లి కావలసిన పిల్ల. రోజంతా ఆ కిరణాల మధ్య ఉంటే ఏమన్నా అవుతుందేమో" అని కూడా అంది. నువ్వు చేరబోయే చోట దీనికి ఎదురు మాట వినిపిస్తుంది: "ఇన్నేళ్లుగా తీస్తున్నాం, మాకేమైంది? ఏం కాదులే." ఆ భయమూ ఈ ధీమా రెండూ లెక్క తెలియకపోవడం వల్ల వచ్చేవే. నా సర్వీసంతా ఎక్స్‌రే గదిలోనే గడిచింది కాబట్టి, నువ్వు కుర్చీలో కూర్చోకముందే ఆ లెక్క నీకు చెప్పాలనిపించింది.

కాలేజీలో రేడియేషన్ సేఫ్టీ ఒక పేపరు, టెక్నిక్ ఇంకో పేపరు. గదిలోకి వచ్చాక అవి రెండూ ఒకటే పని. సరిగ్గా తీయని ఫిల్మును మళ్లీ తీయాలి. మళ్లీ తీస్తే ఆ మనిషికి డోసు రెండింతలు, నీకూ ఆ మేరకు అదనం. ఎన్ని సీసం గోడలు కట్టినా, ఎన్ని ఏప్రన్లు తొడిగినా, రెండోసారి తీయనక్కర్లేని ఫిల్మును మించిన రక్షణ లేదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు విడమరుపే.

ముందు మీ అమ్మ భయం సంగతి చూద్దాం. బటన్ మీద నుంచి వేలు తీసిన క్షణానికే ఎక్స్‌రేలు ఆగిపోతాయి. గది గోడల్లో మిగలవు, దుప్పట్లకు అంటుకోవు, నీ వెంట ఇంటికి రావు. ఇక రోగి సంగతి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే ఒంటికి పట్టే డోసు సుమారు 0.02 మిల్లీసీవర్టులు. ఏ ఆసుపత్రి గడపా తొక్కని మనిషికి కూడా ఆకాశం నుంచి, నేల నుంచి, తినే తిండి నుంచి, పీల్చే గాలిలోని రేడాన్ నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతూనే ఉంటాయి. హైదరాబాదు గుట్టల గ్రానైట్‌లో, భీమిలి ఇసుకలోని మోనజైట్‌లో ఉన్నదీ అదే రేడియేషన్. అంటే ఒక ఛాతీ ఫిల్ము మూడు రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. ఛాతీ సీటీ అయితే దాదాపు 7 మిల్లీసీవర్టులు, సుమారు మూడేళ్ల లెక్క. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకో. రోగి బంధువులు అడిగితే "ఏం కాదు" అని కొట్టిపారేయకుండా, "అమ్మో" అని హడలగొట్టకుండా ఈ లెక్కే నెమ్మదిగా చెప్పు.

తక్కువే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానో తెలుసా? 1895 నవంబరు 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో రాంట్‌జన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. తొలినాళ్లలో పనిచేసినవాళ్లు ట్యూబు సరిగ్గా వెలుగుతోందో లేదో చూడటానికి తమ చేతినే అడ్డుపెట్టి, తెర మీద ఎముకలు చూసుకునేవాళ్లు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే చేశాడు. చర్మం కాలింది, పుండ్లు పడ్డాయి, క్యాన్సర్ వచ్చింది, చేతులు తీసేయాల్సి వచ్చింది. 1904లో చనిపోయాడు. ఆ తర్వాత ఎడిసన్ ఎక్స్‌రే పనే వదిలేశాడు. ఇలా ప్రాణాలు కోల్పోయిన రకరకాల దేశాల డాక్టర్లు, టెక్నీషియన్ల పేర్లతో 1936లో హాంబర్గ్‌లో ఒక స్మారకం కట్టారు. వాళ్లు తెలియక పోయారు, తల్లీ. మనకు తెలుసు. తెలిసిన మనం ఆ కిరణాల దారిలో చెయ్యి పెట్టకూడదు. క్యాసెట్ పట్టుకోవడానికైనా, పిల్లాడి కాలు నిలపడానికైనా సరే.

ఇప్పుడు నీ పనిలోకి వద్దాం. రోగి రాగానే చేతిలోని చీటీ చదువు. ఏ భాగం, ఏ వైపు, ఎందుకు అన్న మూడూ అందులో ఉండాలి. "మోకాలు" అని రాసి ఏ మోకాలో రాయకపోతే, ఊహించుకుని తీయకు. రోగిని అడుగు, అప్పటికీ అనుమానముంటే డాక్టరుకు ఫోన్ చెయ్యి. పాత ఫిల్ములున్నాయేమో కూడా తప్పకుండా అడుగు. మనవాళ్లు వాటిని క్యారీ బ్యాగులో పెట్టి ఆసుపత్రి ఆసుపత్రికీ మోసుకొస్తారు. కానీ అడిగితే తప్ప బయటికి తీయరు. మొన్ననే వేరేచోట తీయించుకున్న ఫిల్ము ఆ సంచిలోనే ఉండొచ్చు. డాక్టరుకు చూపిస్తే ఆయనే మళ్లీ వద్దనవచ్చు. అవసరం లేని ఎక్స్‌రేకు సురక్షితమైన డోసంటూ ఏదీ లేదు. తీయాలా వద్దా అన్న నిర్ణయం డాక్టరుది. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం ఆయన ముందు పెట్టడం నీ పని.

తర్వాత రోగిని సిద్ధం చేయడం. రిపీట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పుస్తకంలో "లోహపు వస్తువులు తీసివేయించవలెను" అని ఒక ముక్కలో ఉంటుంది. మన దగ్గర అది ఒక ముక్కలో తేలే వ్యవహారం కాదు. ఆడవాళ్ల ఒంటి మీద పుస్తెలు, నల్లపూసలు, జాకెట్టు హుక్కులు, చీర కుచ్చిళ్లకూ పైటకూ గుచ్చిన పిన్నీసులు ఉంటాయి. మగవాళ్లకు మొలతాడు, దానికి తాయెత్తు. పిల్లలకు మెడలో రక్షరేకు. జేబులో సెల్‌ఫోను, నాణేలు. అన్నిటికంటే మోసం చేసేది జడ. భుజం మీదుగా ముందుకో వెనక్కో వేలాడిన తడి జడ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలా కనబడుతుంది. అక్కడే టీబీ మచ్చ కూడా ఉంటుంది. అందుకని జడను నడినెత్తికి చుట్టించి క్లిప్పు లేకుండా ముడివేయించు. పుస్తెలు తీయనని ఏ అమ్మ అయినా అంటే గదమాయించకు. అది ఆమె నమ్మకం. గొలుసు పైకెత్తి పంటితో పట్టుకోమంటే ఛాతీ మీద నీడ పడదు. లోపలికి వచ్చిన మనిషికి గౌను ఇచ్చి, తలుపు మూసి, "మీరు మార్చుకోండమ్మా, నేను బయట ఉంటాను" అను. సిగ్గుతో ముడుచుకుపోయిన మనిషి నువ్వు చెప్పినట్టు నిలబడలేదు, నువ్వు చెప్పినంత ఊపిరి పీల్చలేదు. మర్యాద ఇవ్వడం కూడా టెక్నిక్‌లో భాగమే.

ఛాతీ ఫిల్మునే తీసుకో. రోజులో ఎక్కువ తీసేది అదే. రోగి ఛాతీని స్టాండుకు ఆనించి, కిరణం వెనక నుంచి ముందుకు పోయేలా నిలబెడతాం. గుండె ఛాతీ ముందువైపు ఉంటుంది కాబట్టి అలా తీస్తే అది లేనిపోని పెద్దదిగా కనబడదు. ట్యూబును 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టేదీ అందుకే. పైగా కిరణం వీపు వైపు నుంచి రావడం వల్ల రొమ్ములకు డోసు తగ్గుతుంది. చేతులు నడుముకు పెట్టించి మోచేతులు ముందుకు తోయించు. అప్పుడు భుజపు రెక్కలు ఊపిరితిత్తుల మీద నుంచి పక్కకు తప్పుకుంటాయి. ఊపిరి సంగతి మాత్రం ఒకసారి ముందుగా చేయించి చూడు. "ఊపిరి పీల్చండి" అంటే చాలామంది భుజాలు పైకెత్తి ఊరుకుంటారు. "గట్టిగా పీల్చండి, వదలండి, ఇంకోసారి గట్టిగా పీల్చి బిగబట్టండి" అని చెప్పి, ఛాతీ నిండిందని నీ కంటితో చూశాక బటన్ నొక్కు. ఫిల్ము మీద వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రావాలి. మెడ ఎముకల లోపలి కొసలు రెండూ వెన్నుపూస ముల్లుకు సమాన దూరంలో ఉంటే మనిషి తిరగలేదని అర్థం. నొక్కకముందు పెట్టే ఆ అర నిమిషం రెండో ఎక్స్‌పోజర్‌ను తప్పిస్తుంది.

ఇంకో ఫిల్ము గురించి చెబుతాను. నువ్వు పనిచేయబోయే ప్రాంతాల్లో ఇది పదేపదే అవసరమవుతుంది. ఫ్లోరైడ్ జబ్బును మన దేశంలో తొలిసారి వివరంగా రాసిన వ్యాసం 1937లో వచ్చింది. అది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. ఆ తర్వాత నల్లగొండ పేరూ దేశమంతా తెలిసింది. ఆ జబ్బులో ముంజేతి రెండెముకల మధ్య ఉండే పొర గట్టిపడి సున్నం పేరుకుంటుంది. డాక్టరు ముంజేతి ఫిల్ము అడిగేది దాన్ని చూడటానికే. అరచెయ్యి బోర్లా పెట్టి తీశావనుకో, ఒక ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా పడి ఆ మధ్య జాగా మూసుకుపోతుంది. ఫిల్ము స్పష్టంగానే ఉంటుంది, చూడాల్సింది మాత్రం కనబడదు. అరచెయ్యి వెల్లకిలా తిప్పించి, మణికట్టూ మోచెయ్యీ రెండూ వచ్చేలా తియ్యి. ఎందుకు తీస్తున్నామో తెలిస్తేనే ఎలా తీయాలో తెలుస్తుంది.

ఎక్స్‌పోజర్ పెట్టేటప్పుడు కొలిమేటర్ లైటు వేసి, కావలసిన భాగం వరకే వెలుగు కుదించు. అలా కుదిస్తే రోగికి డోసు తగ్గుతుంది, చెదిరే కిరణాలు తగ్గి బొమ్మ తేటపడుతుంది, నీ మీద పడేదీ తగ్గుతుంది. ఇంత మేలు చేసే మీట ఆ గదిలో ఇంకోటి లేదు. తీశాక కంప్యూటర్లో అంచులు కత్తిరించుకోవచ్చులే అని వెడల్పుగా తెరిచి తీయడం మాత్రం చేయకు. తెర మీద కత్తిరించినంత మాత్రాన ఒంట్లోకి పోయింది వెనక్కి రాదు.

మా రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది, డార్క్ రూం దాటగానే డాక్టరుగారు పట్టేసేవారు. ఇప్పటి డిజిటల్ మిషన్లలో అలా బయటపడదు. తక్కువైతే బొమ్మ గరుకుగా చుక్కలు చుక్కలుగా వస్తుంది కానీ, ఎక్కువైతే ఇంకా అందంగా వస్తుంది. అందుకే పనిచేసేవాళ్లకు తెలియకుండానే రోజురోజుకూ ఎంఏఎస్‌ను, అంటే కిరణాల మొత్తాన్ని, పెంచుకుంటూ పోయే ప్రమాదముంది. అందంగా వచ్చిందా అని కాదు, ఎంతలో వచ్చిందని చూడు. తెర మీద ఎక్స్‌పోజర్ ఇండెక్స్ పక్కన డీఐ అని ఒక అంకె ఉంటుంది. అది సున్నా దగ్గరుంటే అనుకున్నంతే ఇచ్చావని. +3 అంటే రెండింతలు ఇచ్చావని, -3 అంటే సగమే ఇచ్చావని. ప్రతి ఫిల్ముకూ ఆ అంకె చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకో. ట్యూబు వోల్టేజీని, అదే కేవీని, 15 శాతం పెంచితే ఎంఏఎస్ సగానికి తగ్గించుకోవచ్చన్న సూత్రం నువ్వు పరీక్షల్లో రాసిందే. కాంట్రాస్టు కొద్దిగా తగ్గినా పరవాలేదనిపించే చోట దాన్ని వాడు. రోగికి డోసు తగ్గుతుంది.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పొట్ట, నడుము, తుంటి భాగాలు తీసే ముందు, బిడ్డను కనే వయసున్న ప్రతి ఆడమనిషినీ ఆఖరి నెలసరి ఎప్పుడని అడగాలి. ఆ అడిగే తీరు ముఖ్యం. తల్లీ అత్తా పక్కన నిలబడి ఉండగా అడిగితే, ఆ పిల్ల నోరు తెరవకముందే వాళ్లు జవాబు చెప్పేస్తారు. పెళ్లికాని పిల్లయితే నిజం చెప్పే దారే ఉండదు. కాబట్టి ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, తలుపు వేసి, "ఇది అందరినీ అడిగే ప్రశ్నేనమ్మా" అని మామూలుగా అడుగు. నువ్వు ఆడపిల్లవి, నీకు చెప్పినంత సులువుగా మాకు చెప్పేవారు కాదు. గర్భం సంగతి తెలియక ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఎప్పుడైనా ఏడుస్తూ వస్తే, "తీయించేసుకోండి" అన్న మాట నీ నోట రాకూడదు. ఛాతీకో చేతికో తీసిన ఫిల్ముతో కడుపులో బిడ్డకు అందేది అత్యల్పం. 100 మిల్లీగ్రేల లోపు డోసు కారణంగా గర్భం తీసేయనక్కర్లేదని అంతర్జాతీయ సంస్థలు స్పష్టంగా చెప్పాయి. ఏ భాగం, ఎన్ని ఫిల్ములు, ఎంత ఎక్స్‌పోజర్ అన్నది రాసి రేడియాలజిస్టు దగ్గరికి పంపు. తెలియని భయానికి ఒక బిడ్డ బలి కాకూడదు.

పసిపిల్లల దగ్గర తొందరపడకు. పెరిగే కణాలకు రేడియేషన్ ఎక్కువ తగులుతుంది, పైగా వాళ్ల ముందు బతకాల్సిన ఏళ్లు చాలా ఉంటాయి. పెద్దవాళ్ల ఎక్స్‌పోజర్ వాళ్లకు పెట్టకు. బిడ్డను పట్టుకోవాల్సి వస్తే నువ్వు పట్టుకోవద్దు. ఆయానూ రోజూ పిలవొద్దు. తండ్రినో, గర్భం లేదని తేలిన తల్లినో ఏప్రన్ తొడిగి పట్టుకోమను. ఏడుస్తున్న బిడ్డ ఏడుపుకూ ఏడుపుకూ మధ్య నిండా ఊపిరి తీస్తుంది. కడుపు వంక చూస్తూ ఉండి, సరిగ్గా ఆ క్షణానికి నొక్కు. మర్మావయవాలకు సీసం ముక్క కప్పడం మేం తప్పనిసరి అనుకుని చేసేవాళ్లం. అది మామూలుగా అక్కర్లేదని, చూడాల్సిన భాగాన్ని కప్పేసి రిపీట్‌కు కారణమవుతోందని 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం చెప్పింది. మీ డిపార్ట్‌మెంటులో ఇప్పుడు ఏ పద్ధతి పాటిస్తున్నారో రేడియాలజిస్టును అడిగి తెలుసుకో. ఈ వృత్తిలో చదువు డిగ్రీతో అయిపోదు.

ఇక నీ ఒంటి సంగతి. గోడకు కొట్టిన నీళ్లు చిందినట్టు, రోగి ఒంటికి తగిలిన కిరణాలు నలువైపులా చెదురుతాయి. నీ మీద పడేది ముఖ్యంగా అదే. రోగికి ఒక మీటరు దూరంలో అది రోగి మీద పడినదాంట్లో సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. ఇంకో మీటరు జరిగితే అందులో నాలుగో వంతు. దూరానికి ఖర్చు లేదు, బరువు లేదు. వార్డులో పోర్టబుల్ తీసేటప్పుడు తీగ పూర్తిగా లాగి, కనీసం రెండు మీటర్లు వెనక్కి జరిగి, "ఎక్స్‌రే తీస్తున్నా" అని గట్టిగా చెప్పి, పక్క మంచం వాళ్లు, నర్సులు జరిగాకే నొక్కు. గదిలో అయితే ఎంత ఉక్కపోసినా తలుపు మూసే తియ్యి. ఆ తలుపు బయట బెంచీ మీద ఎవరి అమ్మో, ఎవరి బిడ్డో కూర్చుని ఉంటారు.

ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ట్యూబు టేబుల్ కింద ఉండేలా, పైనున్న రిసీవర్ రోగికి వీలైనంత దగ్గరగా ఉండేలా పెట్టు. చెదురు కిరణాలు ట్యూబు వైపే ఎక్కువ కాబట్టి అటువైపు నిలబడకు. ముందువైపు మాత్రమే సీసమున్న ఏప్రన్ వేసుకుని రోగికి వీపు తిప్పకు. ఏప్రన్‌ను మడిచి స్టూలు మీద పడేస్తే లోపల సీసం చిట్లుతుంది, పైకి కనబడదు. హ్యాంగరుకు వేలాడదీసి, ఏడాదికొకసారి ఫ్లోరోస్కోపీ కింద పెట్టి పగుళ్లు చూడమని అడుగు.

టీఎల్‌డీ బ్యాడ్జిని ఛాతీ మీద, ఏప్రన్ లోపల పెట్టుకో. దాని లోపలి బిళ్లలు రేడియేషన్‌ను దాచుకుని, వేడి చేసినప్పుడు వెలుగుగా బయటపెడతాయి. మూడు నెలలకొకసారి రీడింగు వస్తుంది. బ్యాడ్జిని ఏప్రన్‌కే వదిలేసి ఇంటికి వెళ్తే నీకు పడని డోసు నీ పేరున ఎక్కుతుంది. సొరుగులో పెట్టి సీ-ఆర్మ్‌కు వెళ్తే పడిన డోసు ఎక్కదు. ఇంకొకరికి ఎరువివ్వకు. రీడింగు వచ్చినప్పుడు సంతకం పెట్టి ఊరుకోకుండా అంకె చదువు. మన అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, మనలాంటి ఉద్యోగులకు పెట్టిన హద్దు వరుసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పద్ధతిగా పనిచేసే రేడియోగ్రాఫర్‌ రీడింగు ఆ హద్దుకు ఎంతో కింద ఉంటుంది. ఆ కాగితం వచ్చినప్పుడు ఫొటో తీసి అమ్మకు పంపు. నా మాటల కంటే ఆ అంకె ఆమెకు ఎక్కువ ధైర్యమిస్తుంది. రేపు పెళ్లయి కడుపు పండినప్పుడు మాత్రం మొహమాటపడకుండా వెంటనే పై అధికారికి చెప్పు. చెప్పిన నాటి నుంచి బిడ్డకు అందే డోసు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని సర్దాలన్నది నియమం. ఉద్యోగం మానెయ్యాల్సిన పనిలేదు.

చివరిగా, చేరిన రోజే ఒక నోటుబుక్కు కొనుక్కో. ఏ ఫిల్ము రిపీట్ అయినా తేదీ, భాగం, కారణం ఒక్క వరుసలో రాయి: కదిలారు, ఊపిరి చాలలేదు, జడ పడింది, కుడి ఎడమ మార్కర్ పెట్టలేదు. డిజిటల్‌లో చెడిన బొమ్మను ఒక్క నొక్కుతో చెరిపేయొచ్చు. చెరిపేస్తే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. నెలాఖరున ఆ పేజీ తిరగేస్తే నీ చేతిలో ఎక్కడ లోటుందో నీకే తెలుస్తుంది. వచ్చే నెల ఆ ఒక్కటీ సరిచేసుకో. బయట వంద మంది క్యూలో ఉంటారు, "కానివ్వమ్మా, త్వరగా" అని అరుస్తారు. ఆ ఒత్తిడిలోనూ చీటీ చదవడం, జడ ముడివేయించడం, వెలుగు కుదించడం, తలుపు మూయడం మానకు. తొందరలో తీసి మళ్లీ తీసేదాని కంటే నిదానంగా ఒక్కసారి తీయడమే త్వరగా అవుతుంది. "ఏం కాదులే" అన్న సీనియర్‌తో వాదన పెట్టుకోకు, గౌరవంగానే ఉండు, కానీ నీ పద్ధతి మార్చుకోకు. ఆరు నెలలు నీ రిపీట్లు తగ్గుతూ పోతే ఆయనే వచ్చి నీ పుస్తకం అడుగుతాడు. అప్పుడు దాచుకోకుండా చూపించు.

నిండు ఆరోగ్యంతో, మంచి పనితనంతో పేరు తెచ్చుకో, తల్లీ.

ఆశీస్సులతో,
మీ మామయ్య